మంత్రి ఆసనం మీద అచ్చమ్మ

పూర్వం ఒక రాజ్యంలో కొలువు పనులన్నీ తాటాకుల మీద రాసి ఉండేవి. ఎవరి పేరు పక్కన వాళ్ల పని. అన్నిటికంటే పైన మంత్రి, అట్టడుగున ఏనుగుల సాలలో పేడ ఎత్తే అచ్చమ్మ.

కొత్త మంత్రి హేమాంగదుడు ఆ పట్టికను కాగితం మీదికి ఎక్కించాడు. చూడముచ్చటగా ఉండాలని పేర్లను మాత్రం అక్షరక్రమంలో పేర్పించి, పనుల వరుసను ఉన్నదున్నట్టు ఉంచేశాడు. దాంతో ఒకరి పని ఇంకొకరి పేరు పక్కన చేరి, అచ్చమ్మ మామగారికి, చూపు ఆనని ఆ ముసలాయనకు, మర్నాటి నుంచి మదపుటేనుగును ఏటికి తోలే పని పడింది.

"ముసలాయన ప్రాణం పోతుంది దొరా!" అని అచ్చమ్మ మొరపెట్టుకుంది.

"కాగితంలో ఉన్నదే శాసనం. కాదన్నవాళ్లకు కొరడా దెబ్బలు," అన్నాడు మంత్రి.

అచ్చమ్మ లేఖకుడి చేత పట్టికంతా చదివించుకుని, నవ్వుకుంటూ వెళ్లింది.

మర్నాడు ఉతికిన చీర కట్టుకొచ్చి, నిండు సభలో మంత్రి ఆసనం మీద కూర్చుంది. సభ నివ్వెరపోయింది.

"లే!" అని అరిచాడు హేమాంగదుడు.

"శాసనం కాదంటే కొరడా దెబ్బలు కదా దొరా! 'అ' మొదటిది, మంత్రి పని నాది. పట్టికలో 'హ' చివరిది. మీ గంప, చీపురు గుమ్మం దగ్గర పెట్టాను."

రాజుకు నవ్వాగలేదు. "అయితే మంత్రిగారూ, ఏదైనా సలహా చెప్పండి," అన్నాడు.

"పేరును జరిపితే దాని పనినీ వెంట జరపాలి మహారాజా. లేకపోతే ఈ పూట మీకు మందు పోసేది గుర్రాల వైద్యుడే."

రాజు నవ్వు ఆగిపోయింది. హేమాంగదుణ్ణి అక్కడే కూర్చోబెట్టి పట్టిక తిరగరాయించాడు. అచ్చమ్మ మామగారు ఆ రోజు ఇల్లు కదలలేదు.