తవిటయ్య ఇంటి టార్చిలైటు

అనగనగా, గెడ్డ ఒడ్డున ఒక ఊరుండేది బుజ్జీ. గెడ్డంటే తెలుసుగా, కొండ మీంచి దిగొచ్చే వాగు. ఎండాకాలం పాదాలు తడుస్తాయి, వానాకాలం మోకాళ్ళు తడుస్తాయి. ఊరేమో ఈ ఒడ్డున, గేదెలు మేసే బీడేమో ఆ ఒడ్డున.

ఆ ఊళ్ళో తవిటయ్య అని ఒకాయన, ఆయన పెళ్ళాం వరాలు ఉండేవాళ్ళు. తవిటయ్యకి పుట్టినప్పట్నుంచీ చెవులు వినపడవు. వినపడలేదు కాబట్టి నోటిమాటా రాలేదు. అయితేనేం, వాళ్ళమ్మ ఆయనతో చేతులతో మాట్లాడేది. గడ్డం కింద రెండు వేళ్ళు ఆడిస్తే మేక. తల పక్కన రెండు చేతులూ వంకర తిప్పితే గేదె. ఒక్కో మాటా తల్లీకొడుకులే కల్పించుకున్నారు.

వరాలు కాపరానికొచ్చాక అత్తగారు ఎదురుగా కూర్చోబెట్టుకుని అవన్నీ నేర్పింది. ఆ తర్వాత వరాలు తనవి ఇంకొన్ని చేర్చింది. ఆ ఇంట్లో కబుర్లకి కొదవ లేదు. ఊళ్ళోవాళ్ళు మాత్రం తవిటయ్యతో మాట్లాడేవాళ్ళు కాదు. ఎదురుపడితే తల ఊపేవాళ్ళు, అంతే. ఏదైనా చెప్పాలంటే వరాలుకి చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు.

చేతులతో మాట్లాడే మాటకి ఒక్కటే ఇబ్బంది. చీకట్లో అందదు.

ఆ ఊళ్ళో గాలేస్తే కరెంటు పోయేది, వానపడితే కరెంటు పోయేది. అప్పుడు మొగుడూ పెళ్ళాం దూలానికి ఒక టార్చిలైటు వేలాడదీసి, దాని కింద కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు. అది అత్తగారి లైటు. పొడుగ్గా, బరువుగా, రేకు ఒళ్ళుతో, పెద్ద మూతితో ఉండేది. తవిటయ్య చిన్నప్పుడు గెడ్డ అవతల ఆడుకుంటుంటే, పేరుపెట్టి పిలిస్తే వినపడదు కదా, పొద్దువాలగానే వాళ్ళమ్మ ఒడ్డున నిలబడి ఆ లైటు వెలిగించి ఆర్పి, వెలిగించి ఆర్పి చూపించేది. ఇంటికి రమ్మని. పిల్లాడు ఎక్కడున్నా పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. అందుకే ఆ లైటంటే ఆయనకి ప్రాణం.

ఆ తర్వాత అత్తగారు కాలం చేసింది. లైటూ ముసలిదైపోయింది. దాని వెలుగు పండుటాకు రంగుకి తిరిగింది.

ఒకరోజు సాయంత్రం కరెంటు పోయింది. ఆరోజు వరాలు దగ్గర చెప్పాల్సిన మాట ఒకటుంది. పొద్దున్నించీ దాచుకుని కూర్చుంది. లైటు కింద కూర్చుని పొట్ట మీద చెయ్యి వేసుకుంది, ఆ తర్వాత రెండు చేతులూ ఉయ్యాలలా ఊపింది. ఆ గుడ్డి వెలుగులో తవిటయ్యకి పొట్ట మీద చెయ్యి కనపడింది గానీ, ఉయ్యాల కనపడలేదు. గబగబా వంటింట్లోకి వెళ్ళి, వాము నలిపి, ఉప్పు కలిపి, వేణ్ణీళ్ళతో సహా తెచ్చి చేతిలో పెట్టాడు. కడుపునొప్పి అనుకున్నాడు పాపం.

వరాలు నవ్వింది. నవ్వుతూనే వాము నమిలింది. ఆ తర్వాత గోడవైపు తిరిగి కాసేపు ఏడ్చింది. తెల్లారాక వెలుతుర్లో మళ్ళీ చెప్పింది. అప్పుడు ఆయన సంతోషానికి హద్దు లేదు. కానీ వరాలుకి మాత్రం దిగులు పట్టుకుంది. రేపు బిడ్డ పుట్టాక, చీకట్లో ఏ జ్వరమో వచ్చి, తను ఒకటి చెప్తే ఆయనకి ఇంకోటి తోస్తే ఎలా?

అందుకని మొదట కొత్త బ్యాటరీలు వేసింది. నాలుగు రోజులు బాగానే వెలిగింది, ఆ తర్వాత మళ్ళీ అదే పండుటాకు. రెండోసారి కొత్త బల్బు పెట్టింది. అది కాస్త నయమే. కానీ ఒకసారి లైటు చెయ్యిజారి కిందపడేసరికి బల్బు లోపల వెంట్రుకంత తీగ ఉంటుందే, అది పుటుక్కుమంది. మూడోసారి సంతరోజున లైటు సంచీలో వేసుకుని బస్సెక్కి పట్నం వెళ్ళింది.

అక్కడ ఈశ్వర్రావు అని రేడియోలు, మిక్సీలు బాగుచేసే ఆయన ఉన్నాడు. ఆయన లైటుని అటూ ఇటూ తిప్పిచూసి, ఇది పారేసి కొత్త ప్లాస్టిక్‌ది కొనుక్కోమన్నాడు. వరాలు ఒప్పుకోలేదు. ఇది తన అత్తగారిదనీ, ఆ లైటు వెలుగులోనే తాము మాట్లాడుకుంటామనీ, చేతివేళ్ళు విడివిడిగా కనపడేంత వెలుగు కావాలనీ చెప్పింది. ఈశ్వర్రావు కళ్ళజోడు తీసి ఆమె వంక చూశాడు. ఆ తర్వాత స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

సొరుగులోంచి ఒక ఎల్‌ఈడీ తీశాడు. పెసరగింజంత పసుపు చుక్క. ఇదేం వెలుగుతుందని వరాలు అనుమానపడింది. ఊరికే పెడితే వేడికి మాడిపోతుందని, ఆయన అల్యూమినియం రేకు గుండ్రంగా కత్తిరించి ఆ చుక్కని రేకు మీద కూర్చోబెట్టాడు. కరెంటు మోతాదుగా అందడానికి వెనక చిన్న సర్క్యూటు అతికించాడు. అప్పుడు కొట్టు షట్టరు సగం దించి, చీకటి చేసి, లైటు గోడ మీద వేశారు. వెలుగు గుండ్రంగా పడింది గానీ నడిమధ్యన నల్లటి మచ్చ. ఈశ్వర్రావు ఆ చుక్కని కొంచెం ముందుకి జరిపాడు, మచ్చ పెద్దదైంది. రవ్వంత వెనక్కి జరిపాడు, మచ్చ చిన్నదైంది. ఇంకో రవ్వ జరిపాడు. అప్పుడు వెలుగంతా ఒక్కచోటికి చేరి గోడ తెల్లగా మెరిసింది. వరాలు ఆ వెలుగులో చెయ్యిపెట్టి చూసుకుంది. గోళ్ళ మీది గీతలు కూడా కనపడ్డాయి.

ఇంటికొచ్చి దూలానికి కట్టి వెలిగిస్తే తవిటయ్య కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అంత వెలుగు. అప్పుడు వరాలు పాత పంచెలోంచి తెల్లగుడ్డ చింపి మూతికి కట్టింది. వెలుగు మెత్తబడింది. ఆ రోజు వాళ్ళు మాట్లాడుకుంటూ అన్నం వార్చడం కూడా మర్చిపోయారు.

ఆ తర్వాత మాఘమాసంలో ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా, ఉంగరాల జుట్టుతో. పిల్ల ఏడిస్తే తవిటయ్యకి వినపడదుగా, వరాలు లైటు వేసి చెప్పేది, ఆయన లేచి ఎత్తుకునేవాడు.

శ్రావణమాసం వచ్చింది. ఒకరోజు దీపాలు పెట్టే వేళకి మబ్బు కమ్ముకొచ్చింది. ఆ వేళకి తవిటయ్య గేదెల్ని తోలుకుని గెడ్డ దాటి వస్తాడు. కొట్టు నడిపే కూర్మయ్యకి పై ఊరినుంచి ఫోనొచ్చింది. కొండ మీద వాన కుమ్మేసిందట, పైన చెరువు గట్టు తెగిందట, నీళ్ళన్నీ గెడ్డలోకి వస్తున్నాయట. కూర్మయ్య వీధిలో కేకలేస్తూ పరిగెత్తాడు. వరాలు పిల్లని పక్కింటి నరసమ్మకి ఇచ్చి, దూలానికున్న లైటు లాక్కుని ఒడ్డుకి పరిగెత్తింది.

అవతల ఒడ్డున గేదెలు నల్లగా కదులుతున్నాయి. వాటి వెనక తవిటయ్య. గెడ్డలో నీళ్ళు ఇంకా మోకాళ్ళ లోతే. ఏమీ జరగనట్టే పారుతున్నాయి.

ఊళ్ళోవాళ్ళు మొదట అరిచారు. గొంతులు పోయేలా అరిచారు. వినపడదని తెలిసీ అరిచారు.

అప్పుడు కూర్మయ్య వరాలు చేతిలోంచి లైటు లాక్కుని తవిటయ్య వైపు వేసి, ఆర్పి, వెలిగించి, ఆర్పి, వెలిగించి ఊపాడు. ఆగమని చెప్తున్నానని కూర్మయ్య అనుకున్నాడు. కానీ బుజ్జీ, అలా వెలిగించి ఆర్పితే తవిటయ్యకి తెలిసిన అర్థం ఒక్కటే. ఇంటికి రా అని. చిన్నప్పట్నుంచీ అంతే. తవిటయ్య గేదెల్ని అదిలించి గబగబా నీళ్ళలోకి దిగాడు.

వరాలు లైటు మూతికున్న గుడ్డ పీకి పారేసి, ఒడ్డున ఎత్తుగా ఉన్న బండ ఎక్కి నిలబడింది.

"ఆయన మీద కాదు కూర్మయ్య మావా, నా మీద వెయ్యి. నా చేతుల మీద."

కూర్మయ్య వేశాడు. ఆ మబ్బు చీకట్లో వరాలు ఒక్కతే తెల్లగా వెలిగింది. అప్పుడు ఆమె చేతులు పెద్దగా చాపి మాట్లాడింది. పైనుంచి నీళ్ళు వస్తున్నాయి. చాలా నీళ్ళు. వెనక్కి వెళ్ళు.

తవిటయ్య నీళ్ళలో ఆగాడు. వరాలు చెప్పగానే కూర్మయ్య లైటు అటు తిప్పాడు. ఆ వెలుగు గెడ్డ దాటి వెళ్ళి ఆయన చేతుల మీద పడింది. నీళ్ళు కొంచెమే కదా, నాకు ఆకలేస్తోంది, వచ్చేస్తా అంటున్నాడు ఆయన.

మళ్ళీ వరాలు మీద వెలుగు. ఈసారి ఆమె చేతులు ఒక్కటే చెప్పాయి. నా మాట నమ్ము.

ఆయన ఒక్క క్షణం చూశాడు. ఆ తర్వాత వెనక్కి తిరిగి, ముందున్న గేదె కొమ్ము పట్టుకుని ఒడ్డుకి లాగాడు. మిగతావి దాని వెనకే తిరిగాయి. ఆఖరి పెయ్య గట్టెక్కిందో లేదో, పైనుంచి ఎర్రటి నీళ్ళు చెట్ల కొమ్మల్ని దొర్లించుకుంటూ వచ్చాయి. చూస్తుండగానే గెడ్డ ఆ చివర నుంచి ఈ చివరకి నిండిపోయింది.

వరాలు బండ మీదే కూలబడింది. నరసమ్మ పిల్లని తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది.

కాసేపటికి కూర్మయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. తప్పయిపోయింది అని ఆయనకి ఎలా చెప్పాలమ్మా అని అడిగాడు. వరాలు చూపించింది. పిడికిలి గుండెకి ఆనించి, నెమ్మదిగా తెరవాలి. కూర్మయ్య లైటు ఆమె చేతికిచ్చి, వెలుగులోకి వచ్చి, బెరుకుబెరుకుగా అలా చేశాడు. వరాలు లైటు అవతలికి తిప్పి చూస్తే, తవిటయ్య నవ్వుతున్నాడు. ఫరవాలేదని చెయ్యి ఊపుతున్నాడు.

అప్పుడు నరసమ్మ, తిన్నావా అని అడగడం ఎలాగో చెప్పమంది. అయిదు వేళ్ళూ నోటి దగ్గర చేర్చి, చెయ్యి వెల్లకిలా తిప్పాలి. నరసమ్మ అలాగే అడిగింది. పక్క చేలో మంచె మీద జొన్నపొత్తులున్నాయి, కాల్చుకుంటానని ఆయన చెప్పాడు. ఆ తర్వాత ఇంకొకరొచ్చారు, ఇంకొకరు. ఇన్నేళ్ళుగా తల ఊపి వెళ్ళిపోయినవాళ్ళు ఒక్కొక్కరే ఆ వెలుగులో నిలబడి, తెలిసీ తెలియక చేతులు తిప్పి, ఏదో ఒకటి మాట్లాడారు. కొందరు తప్పు మాటలే అన్నారు. అవతల ఆయన నవ్వు ఆగలేదు.

మర్నాడు ఎండ కాసింది. మధ్యాహ్నానికి గెడ్డ తగ్గింది. తవిటయ్య గేదెల్ని ముందు తోలి నీళ్ళలో దిగాడు. ఒడ్డున ఊరంతా ఉంది. ఈసారి ఎవరూ అరవలేదు. పెద్దా చిన్నా అందరూ చేతులెత్తి, వేళ్ళు నోటి దగ్గర చేర్చి, ఒక్కసారిగా అడిగారు, తిన్నావా అని.

ఎవరికి ముందు జవాబు చెప్పాలో తెలీక, తవిటయ్య మోకాళ్ళ లోతు నీళ్ళలో అలాగే నిలబడిపోయాడు.

కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో కంటి దారి పట్టింది,
ఆ ఇంట్లో లైటు ఆరింది,
ఈ ఇంట్లో పాపాయి పడుకుంది.