పొగకి సుంకం

అనగనగా ఒక వాగు, ఆ వాగుకి ఇవతల ఒక అడవి. ఆ అడవిలో పోలమ్మ అనే ఎలుగుబంటి చెరుకు రసం కాచి బెల్లం వండేది. కోతులూ జింకలూ కుందేళ్లూ దుంపలు, పళ్లు ఇచ్చి ఆ బెల్లం తీసుకెళ్లేవి. అలా వచ్చిన దుంపలూ పళ్లే దాని పిల్లలిద్దరికీ తిండి.

పొయ్యిలో పచ్చి దుంగలు కాల్చేది. నల్లటి పొగ లేచేది. ఆ ఏడు ఆ పొగకి ఊపిరాడక గువ్వ పిల్లలు చచ్చిపోయాయి. తల్లి గువ్వ ఏడుస్తూ అడవికి పెద్దదిక్కైన ముసలి ఏనుగు దగ్గరికి వెళ్లింది.

ఏనుగు పోలమ్మని పిలిచి చెప్పింది. "పొయ్యి ఆర్పేయమనను. నువ్వూ పిల్లల తల్లివే. కానీ ఇకనుంచి కాల్చే ప్రతి మోపుకీ ఒక బెల్లం దిమ్మ సుంకం కట్టు. నీ పొగకి నష్టపోయినవాళ్లకి అది పంచుతాను. పొగ తగ్గితే సుంకమూ తగ్గుతుంది."

పోలమ్మ తల వంచుకుని వచ్చేసింది. బెల్లం ధర పెంచక తప్పలేదు. ముందు కోతులు రావడం మానేశాయి. తర్వాత జింకలు. చివరికి కుందేళ్లూ మొహం చాటేశాయి. అందరూ వాగు అవతల అడవిదున్న వండే బెల్లమే కొంటున్నారు. అక్కడ సుంకం లేదు మరి.

ఒకరోజు అడవిదున్న వచ్చి, "పోలమ్మక్కా, మా ఒడ్డుకి వచ్చెయ్. పొగెంతని అడిగేవాళ్లే లేరు" అంది.

పోలమ్మ పెనం వీపున మోసుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని వాగు దాటింది. అవతల ఒడ్డున కూలబడి వెనక్కి చూసింది. అడవిదున్న పొయ్యి పొగ వాగు మీదుగా సాగి, గువ్వ మళ్లీ గూడు కట్టుకున్న చెట్టునే కమ్ముకుంటోంది.

"ఇక్కడ కాచినా పొగ అక్కడికే పోతుంది. పదండి" అని పిల్లల్ని లేపింది.

పోలమ్మ ఇవతలికి తిరిగొచ్చి, మట్టిపని బాగా తెలిసిన ముళ్లపందిని సాయం అడిగింది. ఇద్దరూ కలిసి కొత్త పొయ్యి కట్టారు. ఎత్తైన గొట్టం పెట్టారు. వృథాగా పోయే వేడికి ఇంకో పెనంలో రసం కాగేలా చేశారు. దుంగల బదులు ఎండిన చెరుకు పిప్పి వేశారు. మొదటిసారి పొయ్యి పగిలింది. రెండోసారి పాకం మాడింది. పిల్లలు ఆకలికి నీరసపడ్డాయి. మూడోసారి బెల్లం కుదిరింది. పొగ పలచబడింది, సుంకమూ తగ్గింది.

అప్పుడు పోలమ్మ ఏనుగు దగ్గరికి వెళ్లింది. "దొడ్డమ్మా, అవతలి పొగా మన చెట్లకే వస్తోంది. ఆ బెల్లానికి సుంకం ఎందుకు లేదు?"

"నిజమే. నేనే ముందు ఆలోచించాల్సింది" అంది ఏనుగు.

ఆనాటి నుంచి వాగు దాటి వచ్చే బెల్లానికీ దాని పొగని బట్టి సుంకం పడింది. కొనేవాళ్లు కొందరు పోలమ్మ దగ్గరికి తిరిగొచ్చారు. అందరూ రాలేదు. బెల్లం పాత ధరకి దిగనూ లేదు.

ఒక సాయంత్రం అడవిదున్న వచ్చి నిలబడింది. "ఆ పొయ్యి కట్టడం నాకూ చూపిస్తావా అక్కా?"

పోలమ్మ చెమట తుడుచుకుంది. కోప్పడే ఓపిక లేదు.

"పొద్దున్నే రా. మట్టి నువ్వే తెచ్చుకో" అని పాకం కలుపుతూ కూర్చుంది.

నీతి: చేసే హానికి వెల కట్టినప్పుడే మంచి దారి వెతుకుతాం, ఆ వెల అన్ని ఒడ్లకీ ఒకేలా ఉండాలి.