రెండు ఊతకర్రలు

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. ఆవగింజంత కల్పన ఉన్నా మంగళగిరి గాలిగోపురం పక్కకు ఒరిగిపోవాలి. నమ్మకం లేనివాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు, నిటారుగానే ఉంది.

తెనాలిలో చిదంబరయ్యగారని ఒక గురువుగారు ఉండేవారు. మూతబడ్డ సినిమా హాలు టిక్కెట్ల గదిలో కూర్చుని వేదాంతం చెప్పేవారు. మనిషి గుప్పెడంత, నిలబడ్డా కూర్చున్నా తేడా తెలిసేది కాదు. ఆయనకొక అలవాటు. ఎవరైనా సందేహం అడిగితే జవాబు చెప్పకుండా చెప్పులు వెతుక్కునేవారు. అడిగినవాడి ఇంటికి వెళ్ళి, నాలుగు మూలలా చూసిగానీ నోరు విప్పేవారు కాదు. అందుచేత ఇల్లు ఊడ్చుకోనివాళ్ళకు సందేహాలు రావడమే మానేశాయి. అంత శుభ్రమైన శిష్యులు కాశీలో కూడా దొరకరు.

వాళ్ళలో వెనక వరసలో కూర్చునేవాడు భీమలింగం. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఊరందరి మాటలూ ఒకరితో ఒకరికి కలిపి కలిపి రిటైరైన మనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆ ఇంట్లో నిశ్శబ్దం ఎంత చిక్కగా పేరుకుందంటే, గోడ గడియారం కూడా గొంతు సవరించుకుని మరీ గంట కొట్టేది. ఒకరోజు పాఠం అయి అందరూ లేచినా అతను కదల్లేదు.

"అయ్యా, ఎవరితోనూ అవసరం లేకుండా బతకడమే కదా వైరాగ్యం? నాకది అబ్బింది. మరి సాయంత్రాలు ఎందుకింత పొడుగ్గా ఉంటున్నాయి?"

గురువుగారు చెప్పులు వెతుక్కున్నారు. భీమలింగం కంగారుపడ్డాడు. ఇల్లు ఊడవక కాదు. వైరాగ్యం అబ్బిందన్నవాడి షెడ్డులో కారుంది.

ఆ కారు సంగతి చెప్పాలి. పాతకాలంలో సీమదేశాల్లో పందేలకు తోలే కార్లుండేవి, పైకప్పు లేకుండా, ముక్కు బారుగా, ఇద్దరికి మాత్రమే చోటుండేవి. వాటికి నకళ్ళు చేసి, ముక్కలు ముక్కలుగా పెట్టెల్లో పెట్టి అమ్ముతారు. కొన్నవాళ్ళు ఇంట్లో బిగించుకోవాలి. అసలు కారు కొనాలంటే రాజ్యాలుండాలి, కొత్త నకలు కొనాలంటే ఇల్లు అమ్ముకోవాలి. ఎవరో మొదలుపెట్టి సగంలో వదిలేసిన నకలైతే పింఛనుతో సరి. భీమలింగం నందిగామలో అలాంటిది పట్టుకున్నాడు. దాన్ని మొదలుపెట్టిన పెద్దాయన పోయాడట. ఆయన అన్నకొడుకు తాళం తీసి చూపించాడు. ఎందుకు ఆగిపోయిందని భీమలింగం అడగలేదు, అతనూ చెప్పలేదు. కారుతోబాటు లోపలున్న సామానంతా వచ్చింది, ఒక కర్రతో సహా.

దాన్ని లారీ మీద తెచ్చిన రోజున వీధి వీధంతా గుమిగూడింది. గుంటూరు నుంచి కూడా జనం వచ్చారంటే నమ్మాలి. ఎదురింటి పానకాలు అందరికంటే ముందున్నాడు. అతను భీమలింగానికి చిన్ననాటి స్నేహితుడు, నిచ్చెన లేకుండా చిక్కుడు తీగను మబ్బుకు ముడెయ్యగలిగినంత పొడగరి. పదోతరగతి తప్పిన ఏడు ఇద్దరూ మంగలిషాపు క్యాలెండరులో ఇలాంటి కారు బొమ్మే చూసి, ఎప్పటికైనా అందులో సూర్యలంక వెళ్ళి సముద్రం చూడాలని, క్షవరం సగంలో ఉండగానే చేతిలో చెయ్యేసుకున్నారు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. అయినా లారీ మీద చక్రాల్లేని ఆ డొల్లను చూడగానే పానకాలు నోరు ఊరుకోలేదు.

"ఒరే లింగం, గేదెల కుడితి తొట్టికి ముక్కు పెట్టించావేమిట్రా?"

వీధంతా నవ్వింది. ఆ నవ్వుకు లారీ టైర్లలో గాలి దిగిపోయింది. భీమలింగం కారును లోపలికి దింపించి గేటు వేసుకున్నాడు. ఆ గేటు మళ్ళీ పానకాలు కోసం తియ్యలేదు. పానకాలు మొదట్లో రెండుమూడుసార్లు వచ్చి గడియ చప్పుడు చేశాడు. తరవాత రావడం మానేసి, సాయంత్రాలు తన అరుగు మీద కూర్చుని, ఒక పక్కకు కుంగిన తన చిక్కుడుపందిరి కింద నుంచి ఈ షెడ్డు వైపు చూస్తూ ఉండేవాడు.

ఇవతల భీమలింగం ఒక్కడే కారు కట్టాడు. ఇంజను దింపాడు, చక్రాలెక్కించాడు, తీగలు కలిపాడు. తీగలు కలపడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య. రెండు సీట్లూ బిగించి, రెండోదాని మీద స్పానర్లు పెట్టుకున్నాడు. అంతా అయింది, బ్రేకులు తప్ప. పెడలు మీద కాలు పెడితే బురదలో దిగినట్టు మెత్తగా కిందికి పోయేది. బ్రేకునూనె గొట్టంలో గాలి చేరింది, ఒకరు పెడలు తొక్కిపట్టుకుంటే ఇంకొకరు చక్రం దగ్గర నట్టు వదిలి అది తియ్యాలి. అయినా ఆగదలచుకోలేదు. తెల్లవారితే సూర్యలంక బయల్దేరాలని నిశ్చయించుకున్నాడు, ఒక్కడే, నెమ్మదిగా.

ఇదంతా దారిలో చెప్పాడు. గురువుగారు ఊఁ కొడుతూ వచ్చి, షెడ్డు బయట ముక్కాలిపీట మీద కూర్చున్నారు. నీ పని నువ్వు చేసుకో, నేను ఇక్కడుంటానన్నారు.

భీమలింగం లోపలికి వెళ్ళి కొత్తగా చెక్కుకున్న కర్ర తీశాడు. ఒక కొస సీటుకు ఆనించి, రెండో కొసతో పెడల్ని అదిమిపెట్టి, పరుగున వెనక చక్రం దగ్గరికి పోయి బోర్లా పడుకుని నట్టు వదులు చేశాడు. నూనెతోబాటు బుడగలు బుసబుసమన్నాయి. పెడలు కాస్త దిగింది, కర్ర జారి పడింది, పెడలు పైకి లేచింది. వెళ్ళిన గాలిని వెళ్ళినట్టే గొట్టం మళ్ళీ లోపలికి పీల్చుకుంది. అతను లేచి మళ్ళీ మొదలుపెట్టాడు. అలవాటైన పని గనక, అలవాటైన మాటలు కూడా వాటంతట అవే వచ్చాయి.

"తొక్కు!"

"తొక్కాను."

"అలాగే పట్టుకో!"

"పట్టుకునే ఉన్నా."

కర్ర మళ్ళీ పడింది.

బయటినుంచి గురువుగారు అడిగారు: "లింగం, లోపల ఇంకెవరున్నారు?"

భీమలింగం పడుకున్నచోటే లేచి కూర్చున్నాడు. ఇద్దరు మనుషుల మాటలు ఎంతకాలంగా ఒక్క గొంతుతో ఆడుతున్నాడో అతనికే తెలీదు. ఎక్స్ఛేంజిలో ఉన్నన్నాళ్ళూ ఇటొకరూ అటొకరూ లేకుండా తీగ కలిపిన పాపాన పోలేదు.

గురువుగారు లోపలికొచ్చి కారు చుట్టూ తిరిగారు. ముందర బానెట్టు తెరిచి ఉంది, దానికి ఒక కర్ర ఊతంగా ఉంది. అదేమిటన్నారు. కారుతోబాటు వచ్చిందండీ, బానెట్టు ఎత్తిపెట్టేదనుకున్నానన్నాడు భీమలింగం. గురువుగారు దాన్ని లాగారు. బానెట్టు పడ్డ చప్పుడుకు కృష్ణా కాలవలో చేపలు ఒడ్డెక్కాయి. ఆయన అదేమీ పట్టించుకోకుండా ఆ కర్రనూ, కింద పడ్డ కొత్త కర్రనూ తెచ్చి స్పానర్లు పక్కకు నెట్టి సీటు మీద జంటగా పెట్టారు.

ఒకటే పొడుగు. పెడలు పట్టుకోవడానికి ఒక కొసను ఒకే తీరుగా గాడి. సీటు చిరగకుండా రెండో కొసకు గుడ్డ చుట్టడం కూడా ఒకటే. తేడా అల్లా పాతదాని గుడ్డ అరిగి అరిగి దారాలు తేలింది, చెయ్యి పట్టుకున్న చోట కర్ర నున్నబడి అద్దంలా మెరుస్తోంది.

భీమలింగం ఆ నునుపు మీద వేలు పెట్టాడు. నందిగామలో తాళం వేసిన ఆ షెడ్డు కళ్ళకు కట్టింది. ముఖం ఎరగని ఆ పెద్దాయన సీటు దగ్గర్నుంచి చక్రం దగ్గరికీ, చక్రం దగ్గర్నుంచి సీటు దగ్గరికీ పరిగెడుతున్నాడు. తొక్కు అంటున్నాడు. తొక్కానని తనే అంటున్నాడు. కారు ఎందుకు ఆగిపోయిందో అప్పుడు తెలిసింది. తన షెడ్డు కూడా ఎవరో వచ్చి తాళం తీయించి బేరమాడుతున్నట్టు కనిపించింది.

"అయ్యా," అన్నాడు, "మీరు ఒక్కసారి ఈ సీట్లో కూర్చుని పెడలు తొక్కిపెడితే..."

గురువుగారు అభ్యంతరం చెప్పకుండా ఎక్కి కూర్చున్నారు. కాళ్ళు చాపారు. పెడలుకూ ఆయన పాదానికీ మధ్య తెనాలికీ రేపల్లెకూ ఉన్నంత దూరం మిగిలింది. ఆయన కాళ్ళు మడిచి బాసిపట్టు వేసుకుని, గేటు సందులోంచి ఎదురింటి వైపు చూశారు. అరుగు మీద ఆ పొడుగు మనిషి ఇంకా అలాగే కూర్చుని ఉన్నాడు. ఎండ తగ్గి, పందిరి నీడ అతని మోకాళ్ళ మీదికి వంగింది.

"మన పాఠంలో ముక్తి సంగతి రేపు చూద్దాం," అన్నారు చిదంబరయ్యగారు. రెండు కర్రలూ తీసి శిష్యుడి చేతిలో పెట్టారు. "ఆ చిక్కుడుపందిరి ఓ పక్కకు కుంగిపోయింది. ఇవి పట్టుకెళ్ళి దానికి ఊతం పెట్టి రా. వెళ్ళేటప్పుడు గేటు వెయ్యకు."