గుమ్మానికి కన్ను, గొంతుకు పేరు

అనగనగా ఒక ఊరు. అసలు పేరు చెబితే ఆ ఊరివాళ్ళు నా మీద అలుగుతారు కనుక గుమ్మాలూరు అనుకుందాం. అనగనగా అన్నాను కదా అని మరీ రాజుల కాలం అనుకోకండి. ఆ ఊరికి కరెంటు వచ్చింది, ఇంటింటికీ టీవీ వచ్చింది, చేతిచేతికీ ఫోను వచ్చింది. మారనిది ఒక్క మాటే.

తలుపు చప్పుడైతే లోపలివాళ్ళు "ఎవరూ?" అంటారు. బయటివాళ్ళు "నేనే!" అంటారు. అంతే, గడియ తీసేస్తారు.

ఆ "నేనే" ఎవరో అడగడం గుమ్మాలూరులో పెద్ద తప్పు. "అయ్యో, నా గొంతు కూడా గుర్తుపట్టలేకపోయావా? అంత కానిదాన్నైపోయానా?" అని మూతి ముడుచుకుని, మళ్ళీ ఆ గడప తొక్కరు. అందుకని అక్కడ ఎవరూ పేరు అడగరు, ఎవరూ పేరు చెప్పరు.

ఆ ఊళ్ళో శేషారత్నం అనే ఇల్లాలు ఉండేది. పట్టుచీరల కొంగులకు కుచ్చులు వేయడం ఆమె పని. కొంగు చివర వేలాడే పట్టుపోగులను పాయలు తీసి, మెలితిప్పి, ముడివేసి, ముత్యాల్లాంటి కుచ్చులు చేసేది. ఆమె భర్త పానకాలు మగ్గం నేసేవాడు. దేవుడంటే భక్తి, భార్య అంటే భయం ఉన్న మంచిమనిషి.

ఊళ్ళో పెళ్ళి కుదిరితే చాలు, ముందు చీరలు రత్నం ఇంటికి వెళ్ళేవి. పరుల సొమ్ము పాముతో సమానమని ఆమె ఆ చీరలను కంటికి రెప్పలా కాచేది.

అలాంటి ఇంట్లో ఒక మిట్టమధ్యాహ్నం తలుపు చప్పుడైంది.

"ఎవరూ?" అంది రత్నం, తల ఎత్తకుండానే.

"నేనే వదినా!" అంది బయటి గొంతు. అచ్చం పక్కింటి రాజ్యం గొంతు.

"గడియ వేయలేదు, రా వదినా. ఈ పాయ ముడి వేసి వస్తాను, ముందుగదిలో కూర్చో" అంది రత్నం.

ముడి వేసి వచ్చి చూస్తే ముందుగదిలో వదినా లేదు, పీట మీద పెట్టిన రెండు పట్టుచీరలూ లేవు. పరుగున రాజ్యం ఇంటికి వెళితే, ఆమె పొద్దుటినుంచీ ఇల్లు కదలలేదు. ఎవడో గొంతులు మార్చే దొంగ, ఆడగొంతుతో వచ్చి చీరలు పట్టుకుపోయాడు!

రత్నం తన పెళ్ళిచీర ఒకటి, పండక్కి కొనుక్కున్న చీర ఒకటి తీసి, పోగొట్టుకున్నవాళ్ళకు ఇచ్చేసింది. చీరకు చీర ఇచ్చినా పోయిన నమ్మకం తిరిగి రాలేదు. ఆమె ఇంటికి చీరలు రావడం ఆగిపోయింది. సూది పట్టే చేతులు ఒళ్ళో ఊరికే పడి ఉంటే ఆమెకు అన్నం సయించేది కాదు.

అప్పుడొక్క పిల్ల వచ్చింది. పేరు నీలవేణి. తల్లి తులసమ్మ పోయి రెండేళ్ళు. నీలవేణికి పెళ్ళి కుదిరింది.

"పిన్నీ, మా అమ్మ పెళ్ళిచీరే నా పెళ్ళికి కట్టుకుంటాను. పాత కుచ్చులు చివికిపోయాయి, కొత్తవి నువ్వే వేయాలి" అంది.

"నా దగ్గరా? ఊరంతా ఏమనుకుంటోందో తెలుసు కదమ్మా!"

"అమ్మ పెళ్ళికి ఆ కుచ్చులు వేసింది నువ్వే కదా పిన్నీ."

రత్నం కళ్ళు తుడుచుకుంది. వేరే చీర పోతే తన చీర ఇవ్వగలిగింది. ఈ చీర పోతే మాత్రం ప్రపంచంలో ఏ చీరా దానికి సరిపోదు.

"ఇల్లు భద్రం చేసుకుని కబురు పెడతాను. అప్పుడు తీసుకురా తల్లీ" అంది.

మర్నాడే భర్తను వెంటబెట్టుకుని గంటల కోటయ్య దుకాణానికి వెళ్ళింది. కోటయ్య గుమ్మానికి పెట్టే గంటలు మూడు తీసి బల్ల మీద పెట్టాడు.

మొదటిది బంగారు రంగు గంట. మీట నొక్కితే కోయిల కూస్తుంది, మళ్ళీ నొక్కితే సన్నాయి మోగుతుంది. పానకాలు చిన్నపిల్లాడిలా నొక్కుతూనే ఉన్నాడు.

"ఇది పాడుతుంది సరే, వచ్చిందెవరో చూస్తుందా?" అని అడిగింది రత్నం.

"చూడదమ్మా. దీనికి కన్ను లేదు" అన్నాడు కోటయ్య.

"దొంగకు సన్నాయి మేళంతో స్వాగతం చెప్పినట్టే! పక్కన పెట్టు."

రెండోది నల్లగా నిగనిగలాడుతోంది. దానికి కన్ను ఉంది. వచ్చినవాళ్ళ బొమ్మ లోపల కనిపిస్తుంది. "తీగ అక్కర్లేదు, గోడకు చిల్లు అక్కర్లేదు. గుమ్మానికి అంటించుకోవడమే" అన్నాడు కోటయ్య.

"మరి దీనికి తిండి?"

"లోపల బ్యాటరీ ఉంటుంది. అప్పుడప్పుడూ తీసి చార్జింగు పెట్టుకోవాలి. మరిచిపోతే పాపం నిద్రపోతుంది."

మూడోది చూడటానికి సాదాసీదా పెట్టె. దానికీ కన్ను ఉంది, చెవి ఉంది, నోరు ఉంది. కానీ దాని వెనక నుంచి తీగ వస్తుంది. గోడ తొలిచి ఆ తీగను లోపలికి తెచ్చి, ఇంటి కరెంటుకు, లోపలి చిన్న తెరకు కలపాలి.

"రెండోదే సుఖం కదే" అన్నాడు పానకాలు. "మొన్ననే గోడకు సున్నం వేయించాం. ఇప్పుడు చిల్లు పొడిపిస్తావా?"

రత్నం నవ్వింది. "ఏమండీ, దారం లేని సూదితో ఎవరైనా కుట్టారా? తీగ ఉన్న గంట ఇంటిని అంటిపెట్టుకుని ఉంటుంది. నేను మరిచిపోయినా అది నిద్రపోదు. గోడకు చిల్లు పడితే సున్నం పూస్తాం. మాటకు చిల్లు పడితే ఏం పూస్తాం?"

తీగ గంటే ఇంటికి వచ్చింది.

కరెంటు పనిచేసే మస్తాను వచ్చాడు. ముందు మెయిను కట్టేశాడు. గుమ్మం పక్కన రొమ్మెత్తున గోడ తొలిచి తీగ లాగాడు. ఎదురెండ కంట్లో పడకుండా గంటను కాస్త వీధివైపు వంచి బిగించాడు. లోపల రత్నం కుచ్చులు వేసే పీట ఎదురుగా తెర పెట్టాడు. కరెంటు వదలగానే తెర మీద వీధి వచ్చి నిలిచింది. ఎదురింటి మేక కూడా స్పష్టంగా కనబడింది!

"ఇన్నాళ్ళూ గోడకు చెవులే అనుకున్నాం, ఇప్పుడు కళ్ళు కూడా వచ్చాయి" అని మురిసిపోయాడు పానకాలు.

అయితే పిల్లలూ, కన్ను పెట్టగానే చూపు వస్తుందా? వినండి మరి.

మస్తాను వెళ్ళగానే పానకాలు స్నానం చేసి, మడి కట్టుకుని వచ్చాడు. కొత్త వస్తువు ఇంటికి వస్తే పూజ చేయకుండా ఉంటామా? కొబ్బరికాయ కొట్టాడు. గంటకు పసుపు రాసి బొట్టు పెట్టాలి. ఎక్కడ పెట్టాలా అని చూస్తే, నడుమ గుండ్రంగా నున్నగా ఒక చోటు కనబడింది. అక్కడ నిండుగా పసుపు పూసి, కుంకుమ దిద్ది, దణ్ణం పెట్టుకున్నాడు.

కాసేపటికి గంట మోగింది. రత్నం తెర వంక చూసింది. వీధి లేదు, మేక లేదు. అంతా పసుపే!

"ఎవరూ?" అంది కంగారుగా.

"నేనే!"

తలుపు తీస్తే మస్తాను. మరిచిపోయిన స్క్రూడ్రైవరు కోసం వచ్చాడు. గంటను చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "బొట్టు నుదుట పెడతారు గానీ కంట్లో పెడతారా బాబాయ్?" అని గుడ్డతో తుడిచాడు.

అది గంట కంటికి కట్టిన మొదటి గంత.

సాయంత్రం పక్కింటి రాజ్యం వచ్చి కొత్త గంటను చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఎంత బాగుందో వదినా! ఊరి కళ్ళన్నీ దీని మీదే పడతాయి" అంది. ఊరుకుందా? ఇంటికి వెళ్ళి, నిమ్మకాయకు పచ్చిమిరపకాయలు గుచ్చి తెచ్చి, గంటకు దిష్టి తగలకుండా సరిగ్గా దాని ముందే వేలాడదీసింది. రత్నం లోపల నీలవేణికి ఫోను చేస్తూ అది చూడలేదు.

మర్నాడు పొద్దున్నే గంట మోగింది. తెర నిండా పున్నమి చంద్రుడంత నిమ్మకాయ, దాని కింద మిరపకాయలు!

"ఎవరూ?"

"నేనే!"

తలుపు తీస్తే నీలవేణి, గుండెలకు హత్తుకున్న మూటలో తల్లి చీర. రత్నం చీర అందుకుంటూనే ఆ నిమ్మకాయ వంక చూసింది. వచ్చింది నీలవేణి కాబట్టి సరిపోయింది, దొంగే అయితే ఏమయ్యేది? పిల్ల వెళ్ళగానే నిమ్మకాయను విప్పి గుమ్మానికి ఆ పక్కన కట్టింది.

అది రెండో గంత. రెండూ కంటికి కనబడినవి కాబట్టి చేత్తో తీస్తే పోయాయి. మూడోది మాత్రం ఎవరికీ కనబడలేదు.

మధ్యాహ్నం పానకాలు మగ్గం దగ్గరికి వెళ్ళాడు. రత్నం తులసమ్మ చీరను ఒళ్ళో పరుచుకుంది. వంగపండు రంగు చీర, నిమ్మపండు రంగు కొంగు. పాత కుచ్చులు విప్పుతుంటే తులసమ్మ నవ్వు గుర్తొచ్చింది. "ఒత్తుగా వెయ్యవే రత్నం, నా కూతురికి కూడా పనికి రావాలి" అని ఆనాడే అంది ఆ ఇల్లాలు.

గంట మోగింది.

"ఎవరూ?"

"నేనే వదినా!"

"వస్తున్నా" అని రత్నం లేచింది. లేస్తూ తెర వంక చూడనైనా లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గొంతు విని తలుపు తీసిన మనిషి! ఆ అలవాటే మూడో గంత. కాళ్ళు వాటంతట అవే గుమ్మం దాకా నడిచాయి. చెయ్యి గడియ మీద పడింది.

అప్పుడు, గాజుకు పట్టుపోగు చిక్కుకుని వెంట జారి వచ్చిన చీర పీటకు తట్టుకుని వెనక్కు లాగింది. ఇంకో అడుగు వేస్తే కొంగు చిరుగుతుంది. రత్నం చటుక్కున ఆగింది. పోగు విడదీసుకుంటూ, "అయ్యో నా తెలివి! గుమ్మానికి కన్ను పెట్టించి, నేను గుడ్డిదానిలా వచ్చానే!" అనుకుంది. మెల్లగా వెనక్కు వెళ్ళి తెర చూసింది.

తెర మీద ఒక బక్కపలచని మగమనిషి. మీసాలు నెరిశాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "త్వరగా తియ్యి వదినా, ఎండ మండిపోతోంది" అంటున్నాడు రాజ్యం గొంతుతో!

రత్నం చీరను ముందు పెట్టెలో పెట్టి తాళం వేసింది. తరువాత గంట నోట్లోంచి తియ్యగా పలికింది. "పట్టుదారం చిక్కుపడింది వదినా, కాసేపు అరుగు మీద కూర్చో."

దొంగ బుద్ధిగా కూర్చున్నాడు. రత్నం పెరటి గోడ దగ్గరికి పరుగెత్తింది.

"వదినా, నువ్వు మా అరుగు మీద కూర్చుని ఉన్నావు, తెలుసా?"

"నేనా? నేనిక్కడ గోంగూర ఒలుచుకుంటున్నాను కదా!" అంది రాజ్యం.

సంగతి విన్నాక ఆమెకు ఒళ్ళు మండింది. వీధిలోని ఆడవాళ్ళను పోగేసుకుని చప్పుడు చేయకుండా వచ్చి, దొంగ వెనక నిలబడి, "ఎవరూ?" అంది.

అతను తిరిగి చూడకుండానే, అలవాటు కొద్దీ, రాజ్యం గొంతుతో "నేనే!" అన్నాడు.

"నువ్వు నేనైతే, మరి నేనెవరు?" అంది రాజ్యం.

దొంగ ఎగిరిపడ్డాడు. భయంతో పానకాలు గొంతు వచ్చింది, మస్తాను గొంతు వచ్చింది, చివరికి ఎదురింటి మేక గొంతు కూడా వచ్చింది. ఆడవాళ్ళు విరగబడి నవ్వారు.

రత్నం మాత్రం నవ్వలేదు. తలుపు తీసుకుని గడప మీద నిలబడింది. "ఇవన్నీ వాళ్ళ గొంతులు. మరి నీ గొంతేది? నీ పేరేమిటి?"

అతను నోరు తెరిచాడు. వచ్చిన గొంతు సన్నగా, బొంగురుగా ఉంది.

"భూషణం అంటారమ్మా. నాటకాల్లో పదిమంది గొంతులు పలికేవాణ్ణి. ఆటలు ఆగిపోయాక ఈ పాడుపనికి దిగాను. ఎన్ని గుమ్మాలెక్కినా 'ఎవరూ?' అన్నారు, 'నేనే' అన్నాను, తీశారు. నా పేరు అడిగింది మీరొక్కరే."

అంటూ ఏడ్చాడు. రత్నానికి జాలి వేసింది. జాలి వేసింది కదా అని తప్పు ఒప్పైపోదు. పెద్దలు తీర్పు చెప్పారు. దొంగిలించిన చీరల్లో ఇంకా అమ్మని చీరను భూషణం తిరిగి ఇచ్చాడు. అమ్మేసిన చీరకు బదులు పానకాలు మగ్గానికి దారపు కండెలు చుట్టిపెట్టి రుణం తీర్చుకున్నాడు. పొద్దుగూకాక వీధి పిల్లలకు పులిలా, పిల్లిలా, పిల్లనగ్రోవిలా పలికి వినిపించేవాడు. అప్పుడు మాత్రం అందరూ అతణ్ణి పేరుతోనే పిలిచేవారు.

ఆనాటి నుంచి గుమ్మాలూరులో పేరు అడిగితే ఎవరూ అలగలేదు. రత్నం ఇంటికి చీరలు మళ్ళీ వచ్చాయి.

పెళ్ళినాడు పొద్దున్నే గంట మోగింది.

"ఎవరూ?" అంది రత్నం.

"నేను నీలవేణిని పిన్నీ! తులసమ్మ కూతుర్ని! కుచ్చులు ఎలా ఉన్నాయో చూపించి నీ దీవెన తీసుకుందామని వచ్చాను."

రత్నం తెర వంక చూసింది. వంగపండు రంగు చీర, ఒత్తుగా కుచ్చుల కొంగు, నుదుట కల్యాణ తిలకం. ఒక్క క్షణం తులసమ్మే వచ్చి గుమ్మంలో నిలబడినట్టు అనిపించి, ఆమె కళ్ళు నిండిపోయాయి. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఒకసారి చూసుకుని, రెండు తలుపులూ బార్లా తీసింది.

కనుక పిల్లలూ, గుమ్మానికి కన్ను పెడితే చాలదు, ఆ కంటితో మనం చూసేదాకా గడియ మీది చెయ్యి ఆగాలి.