బూడిది బండికి ఎవరి జాన?

ముందుది వెనకా వెనకది ముందూ చెప్పానంటే సర్దుకోండి పిల్లలూ.

అనగనగా ఒక అడవిలో, వాగు పక్కన, బూడిది అనే ఆడకుక్క ఉండేది. మాను విరిగి నడుం మీద పడి దాని వెనక కాళ్లు చచ్చుబడ్డాయి. అప్పటినుంచి దానికి దాహమేస్తే, ఎవరికో గుర్తొచ్చి దొప్పలో నీళ్లు తెచ్చేదాకా నోరెండిపోతూ పడి ఉండాల్సిందే. వాగు మాత్రం కళ్లెదుటే గలగలలాడేది.

"నడుం కింద రెండు చక్రాల బండి కట్టండి చాలు. నేనే పోయి తాగుతాను," అంది బూడిది.

వడ్రంగం తెలిసిన ఎలుగు భల్లయ్య సరేనన్నాడు. కొలతకి కోతి చిందమ్మను పంపాడు.

"ఎత్తు మూడు జానలు మామా!" అని వచ్చి చెప్పింది చిందమ్మ.

అది కోతి జాన. భల్లయ్య తన జానతో మూడు కొలిచి బండి చేశాడు. కట్టగానే బూడిది నడుం గాల్లోకి లేచింది, మూతి మట్టిలో గుచ్చుకుంది.

"ఎంత ముద్దుగా ఉందో!" అని అందరూ చప్పట్లు కొట్టారు.

"ముద్దా? నా మూతి చూడండి!" అంది బూడిది.

రెండోసారి భల్లయ్య నక్కను నిలబెట్టి కొలిచాడు. "మీరిద్దరూ ఇంచుమించు ఒకటేగా," అన్నాడు. ఎక్కడ ఒకటి? నక్క నడుం సన్నం. పట్టీలు ఒరుసుకుని బూడిది తుంటి పుండైంది.

"ఊరికే చేసిపెడుతుంటే వంకలు పెడుతోంది," అంది నక్క.

"మరీ ఇంత పొగరా?" అంది చిందమ్మ.

బూడిదికి ఒళ్లు మండింది. పట్టీలు పళ్లతో కొరికి పారేసింది.

"పొగరే! బండి నాకా, మీ చప్పట్లకా? కాళ్లు పోయాయి గానీ నోరు పోలేదు నాకు. ఎక్కడ నొప్పి అని ఒక్కరైనా అడిగారా? నా నడుం నక్క దగ్గరుందా మామా? నా ఒంటికి సరిపోయేదాకా ఏదీ కట్టుకోను. దాహంతో చస్తే చస్తాను!"

భల్లయ్య తల గోక్కున్నాడు. ఒక తీగ తెంపుకొచ్చి బూడిది పక్కన చతికిలబడ్డాడు. తుంటి నుంచి నేలకు కొలిచి ముడి వేశాడు. నడుం చుట్టూ కొలిచి ఇంకో ముడి. ముందుకాళ్ల నుంచి తుంటి దాకా మరో ముడి.

"ఇక్కడ ఒత్తుతోందా తల్లీ?"

"ఒత్తుతోంది. వేలెడు వదులు చెయ్యి."

చేశాడు. జాన ఊసే ఎత్తలేదు.

మూడో బండి కదిలింది. బూడిది గడగడమంటూ వాగులోకే దిగిపోయింది.

"మామకు దండం పెట్టవే!" అని అరిచింది నక్క.

"నోర్ముయ్యవే," అన్నాడు భల్లయ్య. "దాన్ని తాగనీ."

నీతి: సాయం చేసేవారు తమ జానతో కాదు, అవతలివారిని అడిగి, వారి ఒంటి మీదే కొలవాలి.

వసుంధరా, నేను చెప్తుంటే నువ్వు రాసుకున్న పేర్లు ఒక్కసారి సరిచూడవే. కోతి చిందమ్మే కదా?