గాజు చిలుక తోక

పిల్లలూ, ఈ కథ మీరెప్పుడూ వినలేదు. మనమున్న ఈ ఊళ్లో దీన్ని చెప్పేవాళ్లు లేరు. చెప్పవలసిన నేనేమో ఇన్నాళ్లూ రేపు, రేపు అనుకుంటూ వచ్చాను. మా అమ్మ చెప్పినట్టే చెబుతాను. గుర్తులేని చోట గుర్తులేదనే చెబుతాను.

అనగనగా సముద్రపు ఒడ్డున తీరసేనుడనే రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఒకనాడు ఓడ వర్తకుడొకడు యవనదేశపు గాజుగిన్నె తెచ్చి చూపించాడు. సముద్రపు నీలం, ఉల్లిపొరంత పలచన. గిన్నెలోంచి చూస్తే పట్టుకున్నవాడి వేళ్లు కనిపిస్తున్నాయి. రాజు అందుకోబోతే అది జారి పగిలింది.

"అలాంటిది మళ్లీ కావాలి," అన్నాడు రాజు.

పెద్దకొడుకు వెళ్లాడు. ఏడు సముద్రాలు దాటాడు. తిరిగి రాలేదు. రెండో కొడుకు వెళ్లాడు. ఏడు సముద్రాలు దాటాడు. తిరిగి రాలేదు. అప్పటినుంచి రాజు ఏ గిన్నే ముట్టలేదు. దోసిలితోనే నీళ్లు తాగాడు.

మూడోవాడు మణికేతుడు ఓడెక్కుతుంటే రాజు చెయ్యి వదల్లేదు. "నాయనా, గిన్నె వద్దు. వాళ్లను తీసుకురా. వాళ్లు దొరక్కపోతే నువ్వైనా రా."

ఏడు సముద్రాల అవతల తెల్లటి ఇసుక. ఇసుకలో ఒక పీత.

"మూడోవాడివా?" అంది పీత. "ఇక్కడి మాంత్రికుడి గాజు ముట్టుకుంటే గాజైపోతారని నీ అన్నలిద్దరికీ చెప్పాను. రాజకుమారులు కదా, పీత మాట వింటారా?"

"నేను వింటాను."

"అయితే నన్ను తలపాగాలో పెట్టుకో. ఇసుక కాలుతోంది."

మాంత్రికుడి ఇంట్లో అరల నిండా కూజాలు, గిన్నెలు. వాటి మధ్య గాజైపోయిన మనుషులు. అన్నలిద్దరూ అక్కడే ఉన్నారు. రెండో అన్న చిటికెనవేలు విరిగి ఉంది. మణికేతుడు చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

కొలిమి దగ్గర లూకియ అనే అమ్మాయి పని చేస్తోంది. పొడవాటి గొట్టం కొసను కరిగిన గాజులో ముంచి, తిప్పుతూ ఊదుతోంది. ఆమె ఊపిరికి ఎర్రటి ముద్ద ఉబ్బి కూజా అవుతోంది. పక్కనే అరుగు మీద ఆకుపచ్చ గాజు చిలుక.

మాంత్రికుడు నవ్వాడు. "నా ప్రాణం ఆ చిలుకలోనే ఉందబ్బాయ్. దాచలేదు, చూడు. అదొక్కటి ముట్టుకుంటే నీకేమీ కాదు. పగలగొట్టుకో."

మణికేతుడు చిలుకను ఎత్తాడు. లూకియ చేతిలోంచి గొట్టం జారింది.

"అందులో మా అమ్మ ఊపిరి ఉంది," అంది. "పోయేముందు ఊది, మూసి, నా చేతిలో పెట్టింది. నాకున్నది అదొక్కటే. పగలనివ్వనని తెలిసే వీడు తన ప్రాణం అందులో పెట్టాడు."

మణికేతుడు అన్నల వైపు చూశాడు. చిలుకను మెల్లగా ఆమె చేతిలో పెట్టాడు. "పెట్టుకో. నా దుఃఖం తీర్చుకోవడానికి నీది పగలగొట్టలేను."

ఇంకో దారి తోచక ఒకరోజు ఆమె పక్కన కూర్చుని కొలిమి తిత్తి ఊదాడు. రెండు రోజులు ఊదాడు. మూడో రోజు పీత తలపాగాలోంచి దిగింది.

"అమ్మాయీ, చిలుకంతా ఇంత మందంగా చేసినావిడ తోక కొస మాత్రం వెంట్రుకంత సన్నగా ఎందుకు లాగిందమ్మా?"

లూకియ తోక కొసను వేలితో తడిమింది.

"మా దేశంలో అత్తరు పోసే గాజు పిట్టలన్నీ ఇలాగే చేస్తారు," అంది. "అందుకున్నవాళ్లు తోక విరిస్తేనే అత్తరు బయటికొస్తుంది. విరవడానికే చేసింది. నాకు మొదటినుంచీ తెలుసు."

"వద్దు, ఆలోచించుకో," అన్నాడు మణికేతుడు.

"ఏడేళ్లు ఆలోచించాను. వీళ్లందరికీ అమ్మలున్నారు," అని తోక విరిచేసింది.

ఒక్క ఊపిరి. ఆమె చెంపకు వెచ్చగా తగిలింది. "లూకీ" అన్నంతసేపు. అంతే. తరవాత చిలుకలో ఏమీ లేదు.

మాంత్రికుడు ఇసుకై రాలిపోయాడు. అరల మీది మనుషులు కదిలారు. రెండో అన్న వేలు మాత్రం రాలేదు.

లూకియను మణికేతుడు పెళ్లాడాడు. అందరూ రాజు దగ్గరికి చేరారు. ఆమె నీలం గిన్నె చేసి నీళ్లిస్తే రాజు చిన్నకొడుకు ముఖం చూసి తాగాడు. రెండో కొడుకు చెయ్యి చూసి ఏడ్చాడు. పీత ఏమైందో అమ్మ చెప్పిందేమో, నాకు గుర్తులేదు.

మణికేతుడూ లూకియా చాలాకాలం చల్లగా ఏలారు. తోకను కొలిమిలో అతికించడం ఆమెకు తెలుసు. అతికించలేదు. తన పిల్లలకు మాత్రం తలా ఒక చిలుక ఊదిచ్చింది, తోక కొస వెంట్రుకంత సన్నగా లాగి.

ఇదీ కథ. నా దగ్గర దాచుకుంటే ఎవరికీ వినపడదు. మీరు మీ పిల్లలకు చెప్పండి. నేను మరిచిపోయిన పీత సంగతి మీకు తోచినట్టు చెప్పండి. లూకియ తోక విరిచిన చోట మాత్రం కాసేపు ఆగండి. మా అమ్మ అక్కడ ఆగేది.