కొమ్ముకు చిక్కిన ఈక

దగ్గరగా జరిగి కూర్చోండర్రా. వెలగకోన అడవిలో కణితి అనే పెద్ద కొమ్ముల దుప్పి, ఎలుగుబంటి, ముళ్లపంది, కుందేళ్లు, కంజుపిట్టలు ఒకే సంఘంగా ఉండేవి. ఆదివారం వస్తే పెద్ద బండ దగ్గర చేరి దేవుణ్ణి స్తుతించేవి. బండెక్కి వాక్యం చెప్పేది కణితి. దాని గొంతు గంటలా మోగేది, కొమ్ములు కిరీటంలా ఉండేవి. అన్నీ దాన్ని "అయ్యగారూ" అని పిలిచేవి.

ప్రభువు బల్లకు రొట్టె చేసేది ముసలి ముళ్లపంది రాహేలమ్మ. ఒంటినిండా ముళ్లే గాని, మాటలో ఒక్క ముల్లూ లేదు ఆమెకు.

ఒక సోమవారం పాటలు నేర్చుకునే వేళ, కణితీ మిగతావాళ్లూ రాకముందే కంజుపిట్ట తబిత పాట ఎత్తుకుంది.

"నేను లేకుండానే పాటా?" అంటూ కణితి కొమ్ము విసిరింది. తబిత రెక్క విరిగింది.

"పాపం, చెట్టు మీంచి పడింది. ప్రార్థన చేయండి" అని కణితి అందరికీ చెప్పింది. పొదల్లో తిరిగే కంజుపిట్ట చెట్టెక్కడం ఎవరు చూశారర్రా?

తబిత నిజం చెప్పబోయింది. సంఘ పెద్ద ఎలుగుబంటి కసిరింది. "ష్! దైవసేవకుడి మీద నోరెత్తుతావా? సంఘం పరువేం కాను?"

అప్పటికే కణితి కొమ్ముకు ఓ గోధుమరంగు ఈక చిక్కుకుని ఊగుతోంది. తన కొమ్ము తనకు కనబడదు కదా! కనబడినవాళ్లు నోరు విప్పలేదు. రాహేలమ్మ కూడా చూసింది. అయ్యగారంటే ఆమెకు ప్రాణం. ఆమె కూడా ఊరుకుంది.

శనివారం తబిత రాహేలమ్మ దగ్గరికి వచ్చింది. "అందరూ నన్నే అబద్ధాలకోరు అంటున్నారవ్వా. రేపటి తర్వాత నడిచైనా ఈ అడవి దాటి పోతాను."

ఎగరలేని పిట్ట ఒంటరిగా పోతే నక్క వదులుతుందా? పిండి పిసుకుతున్న రాహేలమ్మ చేతులు ఆగిపోయాయి.

ఆదివారం ఆమె రొట్టెల బుట్ట తెచ్చింది. పైన కప్పిన గుడ్డ మాత్రం తీయలేదు.

"బల్ల సిద్ధం చెయ్యమ్మా, వేళ మించిపోతోంది" అంది కణితి.

"చెయ్యను అయ్యగారూ. పిల్ల రెక్క విరిచిన మీరు, ఇప్పుడు రొట్టె ఎలా విరుస్తారు?"

"నన్నే నిలదీస్తావా?"

"మీ కొమ్మునున్న ఈకను అడుగుతున్నా."

కణితి ఉలిక్కిపడి తల విదిలించింది. ఈక రాలి బుట్ట మీద పడింది.

ఎలుగుబంటి మెల్లగా లేచింది. "ఆ ఈకను మేమంతా చూశాం. పరువు పోతుందని దాచాం. తప్పు మాది కూడా."

కణితి బండ దిగింది. "నేనే కొట్టాను. అబద్ధమూ ఆడాను" అంది తల వంచుకుని.

సంఘం దాన్ని మళ్లీ బండ ఎక్కనివ్వలేదు. ఎలుగుబంటి కూడా పెద్దరికం వదులుకుంది. తబిత రెక్క కుదిరేదాకా కణితి రోజూ గింజలు తెచ్చి పొద ముందు పెట్టి, దూరంగా వెళ్లిపోయేది. క్షమించానని తబిత ఆ ఆదివారం అనలేదు. అనమని ఎవరూ అడగలేదు కూడా.

ఆ ఆదివారమే, కణితి బండ దిగాక, రాహేలమ్మ బుట్ట మీది గుడ్డ తీసింది. మొదటి ముక్క తబిత ముందు పెట్టింది.

"పాట ఎత్తు తల్లీ, నీ గొంతు విని ఆరు రోజులైంది."

నీతి: తప్పును కప్పిపుచ్చితే సంఘం పరువు నిలవదు, గాయపడినవారి పక్షాన నిలబడితేనే నిలుస్తుంది.